తొందరెరగని తొందోనియా

మా మేనల్లుడు బిల్బావోలో ఏడాది ఉద్యోగం చేసి తిరిగొస్తూ, సూట్‌కేసులో రెండు స్వెట్టర్ల మధ్య చుట్టబెట్టి ఒక సీసా తెచ్చాడు. బల్లమీద పెట్టగానే నా కళ్ళు సీసా మీద కాక దాని వల మీద పడ్డాయి. బంగారురంగు సన్నతీగతో సీసా ఒళ్ళంతా అల్లిన వల. తీగ తెంపితేగాని బిరడా తీయడం కుదరదు.

"ఇదేంట్రా, సీసాకి సంకెళ్ళేశారు?" అన్నాను.

"దొంగసరుకు నింపకుండా మావయ్యా. వెనకటి అలవాటు" అన్నాడు.

స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంలో పేరున్న వైన్ సీసాలు ఖాళీ అయ్యాక వాటిలో చవకరకం నింపి అమ్మేవాళ్ళట. వల తెగిందంటే సీసా ఒకసారి తెరిచినదేనని కొనేవాడికి తెలిసిపోతుంది. మన వైపు ఖాళీ విస్కీ సీసాల్లో ఏమేం నింపుతారో ఎరిగినవాళ్ళకి ఆ తీగ విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడది నగ. ఆ నగ వెనకున్న అనుమానం మాత్రం నాకు భలే నచ్చింది.

కాగితం మీద పేరు: వీన్యా తొందోనియా, రెసెర్వా, 2010. 'వీన్యా' అంటే ద్రాక్షతోట. 'తొందోనియా' ఆ తోట పేరు. మన చెవికి 'తొందర'లా వినబడే ఆ పేరున్న సీసాలో, ఆరేళ్ళు పీపాలోనూ ఆ తర్వాత మరికొన్నేళ్ళు సీసాలోనూ పడుకుని లేచిన ద్రాక్షరసం ఉంది. 2010లో కోసిన పళ్ళు అంగట్లోకి వచ్చేసరికి పదేళ్ళు దాటాయి.

'వైన్స్' అని బోర్డు పెట్టి వైన్ తప్ప అన్నీ అమ్మే కొట్లు మనవి. కాబట్టి ఒక్క మాట ముందే చెప్పాలి. ఇది మందు గురించి రాస్తున్న వ్యాసం కాదు, పనితనం గురించి. తాగనివాళ్ళు కూడా నిశ్చింతగా చదవొచ్చు.

ఈ వైన్ చేసే ఇంటిపేరు లోపెజ్ దె ఎరెదియా. ఊరు హారో. స్పానిష్‌వాళ్ళు 'H' అక్షరాన్ని పలకరు గనక వాళ్ళ నోట అది 'ఆరో'. ఎబ్రో నది ఒడ్డున, ఉత్తర స్పెయిన్‌లో చిన్న ఊరు. ఉత్తరాన కాంతాబ్రియా కొండల వరస అట్లాంటిక్ చలిగాలిని ఆపుతుంది. ఆ ఊరి దశ తిప్పింది ఒక పురుగు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు ఫ్రాన్స్‌లో ద్రాక్షతీగల వేళ్ళ రసం పీల్చి తోటలకు తోటలే ఎండబెట్టింది. బోర్దో వర్తకులు సరుకు వెతుక్కుంటూ సరిహద్దు దాటి దక్షిణానికి వచ్చారు. హారోకి 1860ల్లోనే బిల్బావో నుంచి రైలు ఉంది. అందుకే పెద్ద వైన్ ఇళ్ళన్నీ రైల్వేస్టేషను చుట్టూ లేచాయి. ఆ పేటకి నేటికీ స్టేషన్ పేట అనే పేరు. రఫాయెల్ లోపెజ్ దె ఎరెదియా తన వైన్ ఇంటిని మొదలుపెట్టింది అక్కడే, 1877లో. ఇప్పుడు నడుపుతున్నది నాలుగో తరం: మరియా హోసే, మెర్సెదెస్, హూలియో సేసర్, అక్కచెల్లెళ్ళూ తమ్ముడూ. బయటి పంట కొనరు, అంతా సొంత తోటల కాపే.

పురుగు రియోహాని కూడా వదల్లేదు. ఆ శతాబ్దం ముగిసేవేళకి అక్కడికీ వచ్చేసింది. దానికి విరుగుడు ఒక్కటే దొరికింది: ఆ పురుగుకి తట్టుకునే అమెరికా తీగల వేళ్ళ మీద యూరప్ ద్రాక్షని అంటుకట్టడం. తొందోనియా తోటని 1913, 1914 ప్రాంతాల్లో నాటారు. నూరు హెక్టార్లకు పైబడిన ఆ తోట ఎబ్రో కుడిగట్టున, నది చుట్టుతిరిగే మలుపులో గవ్వలోపలి గుంటలా ఉంటుంది. పురుగు అమెరికాది, దాన్ని తట్టుకున్న వేరు అమెరికాది. ఇక పీపా చెక్క కూడా అమెరికాదే. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ద్రాక్షతోట అనగానే మనకి హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు కనిపించిన అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు గుర్తొస్తాయి. కింద నిలబడి తలెత్తితే గుత్తులు. తొందోనియాలో పందిరి లేదు. మోకాలెత్తు మోడు, దాని మీంచి నాలుగు పక్కలకీ చేతులు చాచినట్టు కొమ్మలు, పొదలా. ఏ తీగా ఏ కర్రా ఆధారం లేకుండా నిలబడే పాతకాలపు పెంపకం. కోతకి నడుం వంచాల్సిందే, యంత్రం దూరదు. కాపు తక్కువ. తక్కువ కాపే కావాలి వాళ్ళకి.

పళ్ళు నాలుగు రకాలు. ముప్పాతిక వంతు టెంప్రనీయో. పదిహేను శాతం దాకా గర్నాచో. మిగిలింది గ్రాసియానో, మాసువేలో. టెంప్రనీయో అనే పేరు 'తెంప్రానో' అనే మాట నుంచి వచ్చింది. అంటే 'పెందలాడే' అని. మిగతావాటికంటే ముందు పండుతుంది గనక ఆ పేరు. రంగూ ఒళ్ళూ దానివి. కానీ పులుపు తక్కువ, పులుపు లేని వైన్ ముసలితనాన్ని మోయలేదు. అందుకే చివరి రెండూ. గ్రాసియానో కాపు తక్కువ, ఆలస్యంగా పండుతుంది, వాసన, పులుపు మెండు. దాన్ని పెంచడం దండగని చాలామంది తోటల్లోంచి తీసేశారు. పులిహోరలో ఇంగువ ఎంత పడుతుంది? లేకపోతే మాత్రం పంక్తిలో ప్రతివాడికీ తెలుస్తుంది. ఈ మిశ్రమంలో గ్రాసియానో పాత్ర అలాంటిది.

పళ్ళు నలిగాక పులవడం పెద్ద ఓక్ తొట్లలో. మనిషిని మించిన ఎత్తు, కొన్నిటికి నూరేళ్ళు దాటిన వయసు. ఈస్ట్ పొట్లం తెచ్చి కలపరు. పండు తొక్క మీద, తొట్టి చెక్క సందుల్లో ఉన్న ఈస్టే పని మొదలుపెడుతుంది. దీనికి మనవాళ్ళకి పాఠం అక్కర్లేదు. తాటికల్లు గీసేవాడు కుండలో ఏం కలుపుతాడు? చెట్టు దిగేలోపే కుండ తన పని మొదలెట్టేస్తుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు. ఒక్క పగటిలో కల్లు బతుకంతా అయిపోతుంది. ఈ వైన్ కూడా అలాగే పుడుతుంది, కానీ ఆ పగటిని పదేళ్ళకి సాగదీస్తారు. ఎలాగ అన్నదే ఆ ఇంటి విద్య. ఆ విద్యలో సగం వడ్రంగం.

ఆ ఇంట్లో పీపాలు చేసే సొంత వడ్రంగిశాల ఉంది. ఈ కాలంలో వైన్ చేసేవాళ్ళు పీపాలు కొనుక్కుంటారు, చేసుకోరు. వీళ్ళు అమెరికాలోని అపలేచియన్ కొండల తెల్ల ఓక్ తెప్పించుకుని, ఆరుబయట ఎండకీ వానకీ ఆరబెట్టి, చెక్క కోసి, పీపా కట్టుకుంటారు. ఒక పీపా 225 లీటర్లు. బోర్దో వర్తకులతో వచ్చిన కొలత, పేరు కూడా 'బోర్దెలేసా'యే. 225 లీటర్లంటే సరిగ్గా 300 సీసాలు. నేలమాళిగల్లో అలాంటి పీపాలు 12,000కు పైగా ఉన్నాయి.

పీపా ఎలా కడతారో దగ్గరగా చూడాలి. పలక పలకగా కోసిన చెక్క నడుమ వెడల్పు, రెండు కొసల్లో సన్నం. అంచులు నిటారుగా ఉండవు, లోపలివైపుకి ఓరగా చిత్రిక పట్టి ఉంటాయి. వీటిని ఒక ఇనప పట్టాలో చుట్టూ నిలబెడితే పైన కుదురుగా, కింద విచ్చుకున్న పరికిణీలా ఉంటుంది. లోపల చిన్న మంట పెడతారు. చెక్కని తడుపుతూ వేడెక్కిస్తే నార మెత్తబడి వంగుతుంది. కింది కొసలని తాడుతో బిగించి దగ్గరికి లాగి రెండో పట్టా ఎక్కిస్తారు. మేకు లేదు, జిగురు లేదు. ప్రతి పలక పక్కదాన్ని నెట్టుకుంటూ నిలబడుతుంది. నిండాక చెక్క ఉబ్బి సందులు తనే మూసుకుంటుంది. మూతపలకల సందుల్లో ఎండిన జమ్ము ఆకు పెట్టడం పీపాలవాళ్ళ పాత పద్ధతి.

బండిచక్రానికి పట్టా ఎక్కించడం చూసినవాళ్ళకి ఇది వెంటనే బోధపడుతుంది. ఆకులూ పూటీలూ విడివిడిగా కూర్చి, ఎర్రగా కాల్చిన పట్టా పైన వేసి నీళ్ళు పోస్తే అది ముడుచుకుని చక్రాన్ని ఒక్క ముద్ద చేస్తుంది. పీపాకి పట్టాని కాల్చరు, సుత్తితో దిగ్గొడతారు. సూత్రం ఒకటే. తేడా ఎక్కడంటే, చక్రంలో సందు ఉంటే చప్పుడు వస్తుంది, పీపాలో సందు ఉంటే సరుకు పోతుంది. చిత్రిక పట్టేటప్పుడు ఓరకోణం పలక పలకకీ మారుతుంది, ఎందుకంటే ఏ రెండు పలకల వెడల్పూ ఒకటి కాదు. దాన్ని కొలతబద్దతో కాక కంటితో చూసి తీసుకుంటాడు పనివాడు. నాకు ఈ వైన్ మీద గౌరవం కలిగింది ఆ ఓర అంచు దగ్గరే.

అమెరికా ఓక్ ఎందుకని అడగొచ్చు. ఫ్రెంచి ఓక్‌లో నీటినాళాలు తెరిచి ఉంటాయి. రంపంతో అడ్డదిడ్డంగా కోస్తే కారుతుంది, అందుకని నార వెంట చీల్చాలి, చాలా చెక్క వృథా. అమెరికా తెల్ల ఓక్ నాళాలు లోపలే పూడుకుపోయి ఉంటాయి. రంపం పెట్టినా కారదు. అట్లాంటిక్ వర్తకంలో పండిన స్పెయిన్‌కి అది సులువుగా దొరికేది కూడా. దానికున్న ఒక్క చిక్కు వాసన. కొత్త అమెరికా ఓక్ పీపా కొబ్బరి వాసన, వెనిల్లా వాసన కొడుతుంది. మొదటి ఏడాది వైన్ అంతా అదే అవుతుంది.

కొత్త మట్టికుండలో నీళ్ళు పోస్తే మట్టివాసన. ఆ వాసన కొందరికి ఇష్టమే, కాదనను. కానీ నీళ్ళు చల్లబరచడం కుండ పని, వాసన ఇవ్వడం కాదు. నాలుగు వారాలు వాడాక వాసన పోతుంది, చల్లదనం ఉండిపోతుంది. లోపెజ్ దె ఎరెదియా వాళ్ళకి పీపా అంటే పాతకుండ. దశాబ్దాలు వాడిన పీపాలు. పాడైన పలక తీసి కొత్త పలక వేస్తారు, బొత్తిగా చచ్చినదాన్ని పక్కనపెట్టి కొత్తది కడతారు, కానీ రుచి కోసం పీపాని మార్చరు. పీపా ఊపిరి ఆడనిస్తుంది, అంతే. చెక్క గుండా, పోసీ తీసేటప్పుడూ, రవ్వంత గాలి లోపలికి పోతుంది. ఆ రవ్వంత గాలికి వగరు కణాలు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, మడ్డిగా కిందికి దిగుతాయి. లేతజామకాయ కొరికినట్టు నాలుకని పట్టేసే వగరు, ఏళ్ళు గడిచేకొద్దీ నానిన వక్కలా మెత్తబడుతుంది.

ఆరేళ్ళు ఊరికే పడి ఉంటుందా అంటే, ఉండదు. ఏడాదికి రెండుసార్లు ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి చేత్తో తేటతీస్తారు. పంపు లేదు, పైనుంచి కిందికి పారడమే. గాజుపాత్రలో పట్టి వెనకాల వెలుగు పెట్టి చూస్తూ, మడ్డి మొదటి పోగు కనిపించగానే ఆపడం ఈ పనిలో పాతరివాజు. ఒక్క క్షణం ఆలస్యమైతే తేటంతా కలక. రెసెర్వా సీసాలోని వైన్ ఇలా పన్నెండు తేటలు చూసినది. మధ్యలో పీపాలోంచి ఆవిరైపోయిన మేర అదే రకం వైన్‌తో నింపుతుండాలి, లేదంటే పై ఖాళీలో గాలి చేరి వినిగర్ చేస్తుంది.

చివరికి కోడిగుడ్లు. తాజా గుడ్లు పగలగొట్టి, పచ్చసొన వేరుచేసి, తెల్లసొన గిలక్కొట్టి పీపాలో పోస్తారు. తెల్లసొనలోని మాంసకృత్తు మిగిలిన ముతక వగరుని పట్టుకుని అడుక్కి లాక్కుపోతుంది. పంచదార పాకంలో చెంచాడు పాలు పోసి మురికి తేల్చే చేతులకి ఇది కొత్తగా ఉండదు. వరదరోజుల్లో మా అమ్మమ్మ బిందె లోపల చిల్లగింజ అరగదీసేది, తెల్లారేసరికి గోదారినీళ్ళు అద్దం. పచ్చసొనలేం చేస్తారని మా ఆవిడ అడిగింది. దక్షిణ స్పెయిన్‌లో హెరెజ్ వైన్‌వాళ్ళు పూర్వం వాటిని కన్యాస్త్రీల మఠాలకి పంపేవారని, వాళ్ళు వాటితో మిఠాయి చేసేవారని అక్కడ చెప్పుకుంటారు.

ఈ పనంతా జరిగేది కొండరాయి తొలిచిన సొరంగాల్లో. తవ్విన రాయితోనే పైన కట్టడాలు కట్టుకున్నారు. లోపల వేసవీ చలికాలమూ 12 డిగ్రీలకి అటూ ఇటూ. గోడల నిండా బూజు, సీసాల మీద దుప్పటిలా సాలెగూళ్ళు. మన ఇళ్ళలో పండక్కి ముందు బూజుకర్రతో యుద్ధం చేసే మనిషి అక్కడికి వెళితే చేతులు ఊరుకోవు. వాళ్ళు మాత్రం దులపరు. బిరడా తొలిచే చిమ్మెటలని సాలీళ్ళు తింటాయి, మందు చల్లే పని తప్పుతుంది. బూజు గాలిలోని తేమ తాగి బతుకుతుంది. ఆ ఇంట్లో జీతం పుచ్చుకోని పనివాళ్ళు వీళ్ళు. మొదటి ఏళ్ళ నుంచి దాచుకున్న సీసాలున్న మూలకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'శ్మశానం'. హాస్యం కూడా ఆ ఇంట్లో బాగానే మాగింది.

రియోహా నిబంధన ప్రకారం రెసెర్వా అనిపించుకోడానికి మొత్తం మూడేళ్ళు చాలు, అందులో ఏడాది పీపాలో ఉంటే సరి. గ్రాన్ రెసెర్వాకి అయిదేళ్ళు, కనీసం రెండు పీపాలో. తొందోనియా రెసెర్వా ఆరేళ్ళు, గ్రాన్ రెసెర్వా దాదాపు పదేళ్ళు పీపాలోనే ఉంటాయి. పేరు అదే, గిరాకీ అదే, చట్టం అడగని అయిదేళ్ళు అదనంగా సొమ్ము నేలమాళిగలో ఇరికించుకోవడం ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోని పని. పాతబియ్యం వర్తకుడిని అడగండి, ఏడాది నిలవకే వడ్డీ లెక్కేస్తాడు. ఇది కుటుంబం చేతిలో ఉండబట్టే సాగింది అనుకుంటాను. కంపెనీ అయితే మూడు నెలలకోసారి వాటాదార్లకి జవాబు చెప్పాలి. అయినా ఇంటి పరువూ పట్టుదలా కూడా ఒక రకం పెట్టుబడే, కాకపోతే బ్యాంకు దాన్ని తాకట్టు పెట్టుకోదు.

1980, 90ల్లో రియోహాలో గాలి మారింది. చిక్కటి నలుపు, కొత్త ఫ్రెంచి ఓక్ వాసన, పండు గుజ్జులాంటి ఒళ్ళు ఉన్న వైన్లకి మార్కులు పడేవి. ఈ ఇల్లు మారలేదు. పాతబడిపోయారన్నారు. తర్వాత ఫ్యాషనే తిరిగొచ్చి వాళ్ళ గుమ్మంలో నిలబడింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఈ పద్ధతి బోర్దో వాళ్ళ చలవే. బోర్దో వాళ్ళు దాన్ని వదిలేసి ముందుకెళ్ళారు, హారోలో ఒక ఇల్లు మాత్రం నేర్చుకున్న పాఠాన్ని పొల్లుపోకుండా అప్పజెబుతూనే ఉంది.

అలాగని కొత్తంటే కిట్టని మనుషులూ కారు. 1910లో బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం ముత్తాతగారు చేయించిన చెక్కమంటపం కొట్టులో దొరికితే, దాన్ని నిలబెట్టడానికి వాస్తుశిల్పి జహా హదీద్ చేత గాజూ ఉక్కూ గూడు కట్టించారు. 2006లో పూర్తయింది. పక్కనే ముత్తాత కట్టించిన బురుజు, దాని బాస్కు పేరుకి 'పక్షుల చోటు' అని అర్థం. రెండూ పక్కపక్కన. ఫొటోల్లో చూస్తే నాకైతే హదీద్ కట్టడం కంటే ఆ పాత బురుజే కళ్ళకింపుగా ఉంది, ఆవిడ అభిమానులు మన్నించాలి.

ఇక సీసా. తీగని కత్తెరతో తెంపి తీశాను. బిరడా పొడుగ్గా, అడుగున ఊదా మరకతో వచ్చింది. గ్లాసులో పోస్తే నడుమ మాణిక్యం, అంచున పాతిటుక రంగు. కొత్త వైన్లలో ఉండే నలుపు లేదు. మొదటి వాసన నన్ను భయపెట్టింది: సన్నగా వినిగర్. పది నిమిషాలకి అది తప్పుకుంది. ఎండురేగుపళ్ళు, నారింజతొక్క, బ్యారన్‌లో ఆరిన పొగాకు, తాతగారి భోషాణం మూత తీసినప్పటి చెక్కవాసన. నోట్లో నేననుకున్నంత బరువు లేదు. పులుపు ముందు నడుస్తుంది, వగరు వెనకాల నెమ్మదిగా వస్తుంది. తియ్యదనం ఎదురుచూసేవాడికి ఇది నచ్చదు. ఆ మొదటి వినిగర్ ఘాటు గుణమని కొందరు వాదిస్తారుగానీ, నాకు అది లోపంగానే తోచింది. అన్ని తేటలు తీసినా పోని దాన్ని ఇంటి యాసగా ఒప్పుకుని సర్దుకోవాలి.

తప్పు నాది ఒకటి జరిగింది. మంచి వైన్ కదా అని మటన్ వేపుడు చేయించాను, మా పద్ధతిలో, గుంటూరు కారంతో. మొదటి ముక్కకే వైన్ చచ్చిపోయింది. పచ్చినీళ్ళూ వగరూ తప్ప ఏమీ మిగల్లేదు. రియోహాలో కత్తిరించిన ద్రాక్షపుల్లలు మండించి ఆ నిప్పుల మీద గొర్రెపిల్ల పక్కటెముక ముక్కలు కాలుస్తారు, ఉప్పు తప్ప మరోటి వేయరు. ఏ తోట వైనో ఆ తోట పుల్లలే. మా ఆవిడ విసుక్కుంటూనే నాలుగు ముక్కలు ఉప్పూ మిరియాలతో వేయించి ఇచ్చింది. అప్పుడు లేచింది వైన్, పడుకున్న మనిషి లేచి కూచున్నట్టు. సగం సీసా మర్నాటికి ఉంచాం. మర్నాడు వినిగర్ వాసన లేదు, నారింజతొక్క మాత్రం ఇంకా దగ్గరికి వచ్చింది. అడుగున రెండు వేళ్ళ మందాన మిగిలినదాన్ని దీపానికి ఎత్తి చూస్తూ పోశాను, హారో పనివాళ్ళలాగే. మడ్డి పోగు మెడదాకా వచ్చేవేళకి ఆపబోయి ఆలస్యం చేశాను. ఆఖరి గుక్క కలక.

నెల తర్వాత మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఆ రోజు చెప్పడం మర్చిపోయాను. కొట్టాయన మరీ మరీ చెప్పాడు, అది ఇంకా లేతదట. ఇంకో పదేళ్ళు పడుకోబెట్టి తీయమన్నాడు."

కిటికీ వైపు చూశాను. అప్పటికే ఆ సీసాలో మా ఆవిడ వేసిన మనీప్లాంటు రెండాకులు తొడిగింది.